చెరిగిపోయే తొలి గీత

పాఠ్యాంశ నేపథ్యం

చిత్రకళ అనగానే రంగులు, కుంచెలు గుర్తుకు వస్తాయి. రంగు పడకముందే చిత్రకారుని చేతిలో మెదిలే ఒక సామాన్య సాధనం ఉంది. అది బొగ్గు పుల్ల. కొనవలసిన అవసరం లేకుండా ఇంటి పెరట్లో దొరికే కట్టెపుల్లలతోనే దానిని తయారు చేసుకోవచ్చు. ఆ తయారీ విధానాన్ని, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని, శ్రీకాళహస్తి కలంకారీ కళలో దానికి ఉన్న స్థానాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారుడు ఒక కొత్త వస్త్రం ముందు కూర్చున్నాడనుకుందాం. ఆ వస్త్రాన్ని అప్పటికే కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టారు. దాని మీద సీతాకల్యాణ ఘట్టం రూపుదిద్దుకోవాలి. కలంతో నల్లని సిరా గీత గీశాడంటే అది ఇక చెరగదు. సిరాలోని ఇనుము, వస్త్రం పీల్చుకున్న కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి క్షణాలలో స్థిరమైన నలుపుగా మారిపోతుంది. సీతమ్మ కనుబొమ వంకర పోయినా, రాముని ధనుస్సు కొలత తప్పినా దిద్దుకొనే మార్గం లేదు. అయితే ఆ కళాకారుడు సిరా కలం పట్టడానికి ముందు మరొక పుల్లను చేతిలోకి తీసుకుంటాడు. చింతకొమ్మను కాల్చి చేసిన బొగ్గు పుల్ల అది. దానితో గీసిన గీత నచ్చకపోతే గుడ్డతో దులిపితే చాలు, చాలావరకు పోతుంది. తప్పు చేయడానికి, చేసిన తప్పును దిద్దుకోవడానికి కళాకారునికి అవకాశమిచ్చేది ఆ బొగ్గు గీత ఒక్కటే.

బొగ్గును మన భాషలో పెద్దగా గౌరవించలేదు. పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదని సామెత. శ్రీకాళహస్తిలో మాత్రం పాలలో తడిసిన వస్త్రం మీదనే బొగ్గు తన పని చేస్తుంది. పని పూర్తయిన తరువాత ఆనవాలు లేకుండా తప్పుకుంటుంది.

కట్టె, బొగ్గు, బూడిద

ఇక్కడ బొగ్గు అంటే గనులలో తవ్వి తీసే నేలబొగ్గు కాదు. సింగరేణి గనులలో లభించే నేలబొగ్గు కోట్ల సంవత్సరాలపాటు భూగర్భంలో ఒత్తిడికి, వేడికి లోనైన వృక్షసంపద. చిత్రలేఖనానికి పనికి వచ్చేది కట్టెబొగ్గు. సంస్కృతంలో దీనికి అంగారమని పేరు.

కట్టెను ఆరుబయట మంటలో వేస్తే చివరకు మిగిలేది బూడిద. అదే కట్టెను గాలి సోకని పాత్రలో ఉంచి వేడిచేస్తే మిగిలేది బొగ్గు. రెండింటికీ నిప్పే కారణం. అయినా ఫలితంలో ఇంత భేదం ఎందుకు వచ్చింది? కట్టె మండాలంటే గాలిలోని ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ ధారాళంగా అందినప్పుడు కట్టెలోని కర్బనం దానితో కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. మండని ఖనిజ లవణాలు మాత్రమే బూడిదగా మిగులుతాయి. ఆక్సిజన్ అందనప్పుడు కట్టె మండలేదు. కానీ వేడికి దానిలోని పదార్థాలు విడిపోతాయి. ఈ ప్రక్రియను ఉష్ణవిచ్ఛేదనం అంటారు.

కట్టె ప్రధానంగా మూడు పదార్థాల కలయిక. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ అని వాటి పేర్లు. బాగా ఎండిన కట్టె బరువులో సుమారు సగం కర్బనమే. వేడి 100 డిగ్రీల సెల్సియస్ చేరేసరికి కట్టెలోని తేమ ఆవిరి కావడం మొదలవుతుంది. తేమ పోయిన తరువాత, సుమారు 200 డిగ్రీలు దాటాక హెమీసెల్యులోజ్ విడిపోవడం ప్రారంభిస్తుంది. 300 డిగ్రీలు దాటి 400 డిగ్రీలు చేరేలోగా సెల్యులోజ్ విచ్ఛిన్నమవుతుంది. లిగ్నిన్ మాత్రం మొండిది. అది చాలా విస్తృతమైన ఉష్ణోగ్రతల మధ్య నెమ్మదిగా మార్పు చెందుతుంది. ఈ మార్పులలో నీటి ఆవిరి, ఎసిటిక్ ఆమ్లం, మిథనాల్, తారు, హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వంటివి కట్టె నుంచి వెలువడతాయి. ఇవన్నీ పోగా మిగిలిన నల్లని ఘనపదార్థమే బొగ్గు. దాని బరువు ఎండుకట్టె బరువులో దాదాపు నాలుగో వంతు. పుల్ల పొడవు, లావు కూడా తగ్గుతాయి. అయినా కట్టెలోని సూక్ష్మమైన కణాల అమరిక చెదరదు. బొగ్గు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి అది ఏ జాతి చెట్టుదో నిపుణులు గుర్తించగలగడానికి కారణం అదే.

గుహ గోడల నుంచి గ్రంథాల దాకా

బొగ్గుతో బొమ్మ గీయడం మానవునికి అత్యంత ప్రాచీనమైన అలవాట్లలో ఒకటి. ఫ్రాన్స్ దేశంలో 1994లో బయటపడిన షోవే గుహ గోడల మీద సింహాలు, గుర్రాలు, ఖడ్గమృగాల చిత్రాలు ఉన్నాయి. వాటిలో చాలా వాటిని బొగ్గుతో గీశారు. ఆ బొగ్గు పైన్ జాతి చెట్టుదని పరిశోధకులు గుర్తించారు. వాటిలో అతి ప్రాచీనమైన చిత్రాల వయస్సు దాదాపు 36,000 సంవత్సరాలు. గీత బొగ్గుది కాబట్టే ఈ లెక్క సాధ్యమయింది. జీవపదార్థం నుంచి వచ్చిన కర్బనానికి మాత్రమే రేడియోకార్బన్ పద్ధతిలో వయస్సు కట్టగలరు. ఎర్రమట్టితో గీసిన గీతకు ఆ సౌలభ్యం లేదు.

ఇటలీకి చెందిన చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు 1400వ సంవత్సర ప్రాంతంలో చిత్రకళా విధానాలపై ఒక గ్రంథం రచించాడు. అందులో బొగ్గు పుల్లల తయారీని కూడా వివరించాడు. ఎండిన, నునుపైన విల్లో కట్టెను సన్నని పుల్లలుగా చీల్చి, కట్టలుగా చేర్చి, తీగతో బిగించాలి. ఆ కట్టలను కొత్త మట్టిపాత్రలో నింపి, మూత చుట్టూ బంకమట్టి మెత్తాలి. సాయంత్రం రొట్టెలు కాల్చేవాని పని ముగిశాక అతని పొయ్యిలో ఆ పాత్రను పెట్టి, తెల్లవారేదాకా ఉంచాలి. ఉదయం ఒక పుల్ల తీసి గీసి చూడాలి. చాలినంత కాలకపోతే మళ్ళీ పొయ్యిలో పెట్టాలి. మరీ కాలిపోయినది గీయబోతే ముక్కలుగా విరిగిపోతుంది. ఆరు శతాబ్దాలు గడిచినా ఈ పద్ధతిలో మార్చవలసినది పెద్దగా ఏమీ లేదు. రొట్టెల పొయ్యిలో మిగిలిపోయిన వేడిని వృథా పోనీయకుండా వాడుకోవడంలో ఆ కాలపు పొదుపరితనం కూడా కనిపిస్తుంది.

మన దేశంలో చిత్రసాధనాల చర్చ శాస్త్రగ్రంథాలలోనే ఉంది. కల్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. దీనికే అభిలషితార్థ చింతామణి అని మరొక పేరు. చిత్రానికి తొలి రేఖలు గీసే వర్తిక అనే సాధనాన్ని అతడు అందులో పేర్కొన్నాడు. కాటుకను అన్నం మెతుకులతో కలిపి నూరి, వత్తిగా చేస్తే అది వర్తిక అవుతుంది. మనం దీపంలో వేసే వత్తి, ఈ వర్తిక ఒకే మాటకు చెందిన రూపాలు. కాటుక కూడా కర్బనమే. అయితే వర్తికలో కర్బనాన్ని పట్టి ఉంచడానికి అన్నం జిగురు అవసరమయింది. కట్టెబొగ్గుకు ఆ జిగురు కూడా అక్కరలేదు. చెట్టు కట్టిన కణాల గూడే దానిని పుల్లగా నిలబెడుతుంది.

స్వర్ణముఖి ఒడ్డున చింతబొగ్గు

కలంకారీకి తెలుగునాట రెండు ప్రధాన సంప్రదాయాలు ఉన్నాయి. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీలో చెక్క అచ్చులతో అద్దకం చేస్తారు. శ్రీకాళహస్తి కలంకారీలో అంతా చేతిగీతే. రామాయణ, భారత గాథలను పెద్ద వస్త్రాల మీద గీసి, బొమ్మల చుట్టూ ఉన్న పట్టీలలో తెలుగులో వివరణలు రాయడం ఇక్కడి ప్రత్యేకత. స్వతంత్రం వచ్చేనాటికి క్షీణదశకు చేరిన ఈ కళకు కమలాదేవీ ఛటోపాధ్యాయ చొరవతో 1950వ దశకంలో శిక్షణ కేంద్రం ఏర్పడి కొత్త ఊపిరి అందింది. ఈ సంప్రదాయానికి చెందిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

అచ్చు కొట్టే చోట అచ్చులోనే రూపం సిద్ధంగా ఉంటుంది. చేతితో గీసే చోట రూపం కళాకారుని మనస్సులో ఉంటుంది. దానిని వస్త్రం మీదికి దించడానికి ఒక మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి చింతబొగ్గు. చింతచెట్టు మన ఊళ్ళలో సులభంగా కనిపించే చెట్టు. దాని కొమ్మలు ఎప్పుడూ దొరుకుతాయి. ఖర్చు లేదు. గీత నల్లగా, స్పష్టంగా పడుతుంది.

ఈ పనికి బొగ్గునే ఎన్నుకోవడానికి మరొక బలమైన కారణం ఉంది. కలంకారీ వస్త్రం రసాయన చర్యలకు సిద్ధం చేసిన వస్త్రం. దాని మీద ఇనుము పడితే నలుపు వస్తుంది. పటిక రాసిన చోట వేరురంగు పట్టుకుని ఎరుపు తేలుతుంది. అటువంటి వస్త్రం మీద తొలి గీత గీసే పదార్థం ఈ చర్యలలో దేనిలోనూ తలదూర్చకూడదు. బొగ్గులోని కర్బనం సాధారణ పరిస్థితులలో దేనితోనూ చర్య జరపదు. వస్త్రం పోగుల మీద పొడిగా కూర్చుంటుందేగాని వాటిలో కలిసిపోదు. సిరా గీతలు పూర్తయి, వస్త్రాన్ని పలుమార్లు నీటిలో జాడించేసరికి బొగ్గు పొడి నీటితో పాటు వెళ్ళిపోతుంది. కలం గీత మాత్రం నిలుస్తుంది.

పుల్లల ఎంపిక

చిత్రలేఖనానికి బొగ్గు చేసుకోదలచిన విద్యార్థి మొదట కట్టెను సరిగా ఎన్నుకోవాలి. ఐరోపాలో విల్లో కొమ్మలను, ద్రాక్షతీగలను ఎక్కువగా వాడతారు. ఫ్రెంచి భాషలో బొగ్గు పుల్లకు ఫ్యూజాన్ అని పేరు. అది ఆ బొగ్గు చేసే ఒక పొద పేరే. మన దేశంలో విల్లో కాశ్మీరంలో విరివిగా పెరుగుతుంది. క్రికెట్ బ్యాట్లు చేసేది ఆ జాతి కట్టెతోనే. తెలుగు ప్రాంతాల విద్యార్థి విల్లో కోసం కాశ్మీరం వెళ్ళనక్కరలేదు. చింతకొమ్మలు ఉన్నాయి. ద్రాక్షతోటలలో కత్తిరించి పారవేసే తీగలు ఉన్నాయి. పట్టుపురుగుల పెంపకానికి వేసే మల్బరీ తోటలలో కొమ్మలను ఏటా కత్తిరిస్తారు. వీటిలో ఏదైనా ప్రయత్నించవచ్చు. పచ్చని చెట్టును ఇందుకోసం నరకవలసిన పని లేదు. రాలిన కొమ్మలు, కత్తిరింపులలో వచ్చిన రెమ్మలు చాలు.

పుల్ల పెన్సిలంత లావుగా, తిన్నగా, కణుపులు లేకుండా ఉండాలి. కణుపు ఉన్న చోట పీచు దిశ మారుతుంది. కాలేటప్పుడు అక్కడే పగుళ్ళు వస్తాయి. మధ్యలో మెత్తని గుజ్జు ఎక్కువగా ఉండే కొమ్మలు కూడా పనికిరావు. కాలిన తరువాత అవి గొట్టాల్లా డొల్లగా మిగులుతాయి. కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడే బెరడు ఒలిచివేయాలి. ఎండాక బెరడు కట్టెను పట్టుకుని వదలదు. ఒలిచిన పుల్లలను అరచేతి పొడవున కోసి, నీడలో రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీటితోనే పొయ్యి మీద పెడితే ఆవిరి ఒక్కసారిగా బయటికి తన్నుకు వచ్చి పుల్లను చీలుస్తుంది. ఎండలో త్వరపెట్టి ఎండబెట్టినా పుల్లలు వంకరపోతాయి.

విషపూరితమైన గన్నేరు, జిల్లేడు వంటి మొక్కల కొమ్మలను ఈ పనికి వాడకూడదు. రంగు వేసిన కట్టె, చెదలమందు పూసిన కట్టె, ప్లైవుడ్ ముక్కలు కూడా నిషిద్ధమే. వాటి పొగ హానికరం.

పాత్రను సిద్ధం చేయడం

గట్టిగా మూత పట్టే చిన్న ఇనుప డబ్బా ఈ పనికి సరిపోతుంది. దానిలో ప్లాస్టిక్ భాగాలు ఉండకూడదు. లోపల పూత ఉంటే ఖాళీ డబ్బాను ఒకసారి ఆరుబయట మంటలో కాల్చి ఆ పూతను పోగొట్టాలి. మూత మధ్యలో మేకుతో ఒక సన్నని రంధ్రం చేయాలి. ఈ రంధ్రం చిన్నదే కాని దాని పని చాలా పెద్దది. కట్టె నుంచి వెలువడే ఆవిరి, వాయువులు బయటికి పోవడానికి అదే దారి. రంధ్రం లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపడే ప్రమాదం ఉంది. రంధ్రం మరీ పెద్దదయితే గాలి లోపలికి చొరబడి పుల్లలు బూడిద అవుతాయి.

డబ్బా దొరకనివారు చెన్నీని చెప్పినట్లు మట్టికుండను వాడవచ్చు. కుండ మీద మూకుడు బోర్లించి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తి, ఒక చోట సన్నని సందు వదలాలి.

పుల్లలను నిలువుగా, ఒకదానికొకటి ఆనుకునేటట్లు దట్టంగా పేర్చాలి. వదులుగా పేర్చితే కాలేటప్పుడు వంగిపోతాయి. మిగిలిన ఖాళీలను పొడి ఇసుకతో నింపడం మంచిది. ఇసుక రెండు విధాల మేలు చేస్తుంది. లోపల గాలికి చోటు లేకుండా చేస్తుంది, పుల్లలను కదలకుండా పట్టి ఉంచుతుంది.

కాల్పు

ఈ పనిని ఆరుబయట, ఎండుగడ్డికి, పాకలకు దూరంగా చేయాలి. మూడు రాళ్ళ పొయ్యి మీద డబ్బాను ఉంచి, మొదట సన్నని మంట పెట్టాలి. కొంతసేపటికి రంధ్రం నుంచి తెల్లని ఆవిరి వస్తుంది. ఇది కట్టెలో మిగిలిన తేమ. ఈ దశలో మంటను పెంచకూడదు.

తేమ అయిపోయాక పొగ రంగు మారుతుంది. పసుపు ఛాయతో, ఘాటైన వాసనతో దట్టమైన పొగ వెలువడుతుంది. ఆ ఘాటుకు ఎసిటిక్ ఆమ్లం, తారు ఆవిర్లు కారణం. ఇప్పుడు మంట పెంచవచ్చు. ఈ వాయువులలో మండే గుణం ఉన్నవి చాలా ఉన్నాయి. అందుచేత రంధ్రం దగ్గర ఒక చిన్న జ్వాల అంటుకుని దీపంలా వెలుగుతుంది. ఆ దీపం వెలిగినంతసేపు లోపల కట్టె ఇంకా విడిపోతూనే ఉన్నదని గ్రహించాలి. వెలుపలికి తోసుకువచ్చే వాయువు ఉన్నంతవరకు బయటి గాలి లోపలికి పోలేదు.

జ్వాల క్రమంగా చిన్నదయి ఆరిపోతుంది. పొగ పలుచబడి, నీలిరంగుకు తిరిగి, దాదాపు కనిపించకుండా పోతుంది. చిన్న డబ్బాకు ఇదంతా జరగడానికి సుమారు గంట నుంచి గంటన్నర పట్టవచ్చు. గడియారం కంటే పొగనే నమ్ముకోవాలి. పొగ ఆగిందంటే బొగ్గు తయారయినట్లే. ఆ వెంటనే డబ్బాను పట్టకారుతో దింపి, రంధ్రాన్ని తడి మట్టిముద్దతో మూసివేయాలి.

చల్లార్పు

ఈ పని మొత్తంలో కఠినమైన ఘట్టం ఇప్పుడే వస్తుంది. కఠినమైనదంటే శ్రమ ఉన్నదని కాదు. ఇక చేయవలసినది ఏమీ లేదు. ఊరక ఉండగలగడమే కష్టం. లోపల బొగ్గు ఎలా తయారయిందో చూడాలనే ఆత్రం ఎవరికైనా కలుగుతుంది. వేడి తగ్గకముందే మూత తీస్తే గాలి ఒక్కసారిగా లోపలికి చేరుతుంది. అంతవరకు ఆక్సిజన్ అందక నిలిచి ఉన్న కర్బనం ఆ క్షణంలో రాజుకుంటుంది. మూడు వారాలు ఆరబెట్టి, గంటన్నర కాపలా కాసి సంపాదించిన పుల్లలు కళ్ళ ముందే ఎర్రబడి, బూడిదపొర కట్టి, పట్టుకుంటే పొడి అవుతాయి. నీళ్ళు చల్లినా పుల్లలు పగిలిపోతాయి. చిత్రలేఖనానికి అవి పనికిరావు. అందువల్ల డబ్బాను ఒక రాత్రంతా కదిలించకుండా వదిలివేయాలి. మరునాడు ఉదయం డబ్బా అడుగు కూడా చేతికి చల్లగా తగిలిన తరువాతనే మూత తీయాలి.

పరీక్ష

సరిగా కాలిన పుల్ల లోపల, వెలుపల ఒకే నలుపుతో ఉంటుంది. రెండు పుల్లలను తాకిస్తే గాజుముక్కల వలె సన్నగా ఖంగుమంటాయి. విరిచి చూసినప్పుడు మధ్యలో గోధుమరంగు కనిపిస్తే కాల్పు చాలలేదని అర్థం. అటువంటి పుల్ల కాగితాన్ని గీరుతుందే తప్ప నల్లగా రాయదు. దానిని మళ్ళీ డబ్బాలో పెట్టి కాల్చుకోవచ్చు. గీయగానే పొడిపొడిగా రాలిపోతే కాల్పు మితిమీరినట్లు. దానిని దిద్దే ఉపాయం లేదు. తక్కువ కాలినదానికి రెండో అవకాశం ఉంది, ఎక్కువ కాలినదానికి లేదు. కనుక కొత్తగా నేర్చుకునేవారు కొంచెం తక్కువ వైపు పొరబడడమే మంచిది.

బొగ్గు గీత స్వభావం

పెన్సిల్ గీతకు, బొగ్గు గీతకు భేదం ఉంది. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా కర్బనమే. అయితే అది పలుచని రేకుల రూపంలో ఉంటుంది. బంకమట్టితో కలిసి కాగితం మీద జారుతూ అంటుకుంటుంది. అందుకే పెన్సిల్ గీతలో కొంత మెరుపు కనిపిస్తుంది. బొగ్గు కణాలు అస్తవ్యస్తమైన పెంకుల వంటివి. కాగితం మీది గరుకు వాటిని పుల్ల నుంచి రాల్చి తనలో చిక్కించుకుంటుంది. వాటి మీద పడిన వెలుగు మెరుపుగా తిరిగి రాదు. అందుచేత బొగ్గు నలుపు లోతుగా, నిండుగా కనిపిస్తుంది. నున్నటి కాగితం మీద బొగ్గు పట్టదు, కొంచెం గరుకైన కాగితం కావాలి.

పుల్ల మొనతో గీస్తే సన్నని రేఖ, పక్కకు వాల్చి రుద్దితే వెడల్పాటి నీడ వస్తాయి. వేలితో అలికితే నలుపు పొగలా కరిగి మబ్బువన్నెకు తిరుగుతుంది. రబ్బరు వాడుకలోకి రాకముందు ఐరోపా చిత్రకారులు మెత్తని రొట్టెముక్కతో బొగ్గు గీతను చెరిపేవారు. గీత నిలవాలనుకుంటే దాని మీద జిగురు ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లాలి. జర్మనీ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514లో తన వృద్ధమాత ముఖాన్ని బొగ్గుతో చిత్రించాడు. ఐదు శతాబ్దాలు గడిచినా ఆ ముఖంలోని ముడతలు, ఆ కన్నుల అలసట నేటికీ చెరగలేదు.

జాగ్రత్తలు

కట్టె కాలేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది మనిషి ప్రాణం తీయగలదు. అందువల్ల ఈ పనిని ఇంటిలోపల, మూసిన వంటగదిలో ఎన్నడూ చేయరాదు. పెద్దలు దగ్గర ఉండాలి. నీళ్ళ బకెట్, ఇసుక అందుబాటులో ఉంచుకోవాలి. నూలు దుస్తులు వేసుకోవాలి. గీసేటప్పుడు రాలిన బొగ్గుపొడిని నోటితో ఊదకుండా కాగితాన్ని తట్టి దులపాలి.

ముగింపు

బొగ్గులో ఒక వైచిత్రి ఉంది. పదార్థంగా చూస్తే అది దాదాపు నాశనం లేనిది. గుహ గోడ మీద 36,000 సంవత్సరాలు నిలిచింది. గీతగా చూస్తే అది అతి చంచలమైనది. చిన్న గుడ్డ విదిలింపుకు తొలగిపోతుంది. ఈ రెండు గుణాలూ చిత్రకారునికి అవసరమే.

పూర్తయిన కలంకారీ వస్త్రాన్ని చూసేవారికి కలం గీత కనిపిస్తుంది, ఎరుపు, పసుపు, నీలం రంగులు కనిపిస్తాయి. బొగ్గు కనిపించదు. సీతమ్మ చేయి ముందు ఎక్కడ గీశారో, దానిని ఎన్నిసార్లు దులిపి మళ్ళీ గీశారో ఆ వస్త్రం చెప్పదు. ఆ వెతుకులాటను తనతో తీసుకుని చింతబొగ్గు నీటిలో కలిసిపోయింది. అయినా వస్త్రం మీద నిలిచిన ప్రతి గీత కిందా అది ఒకప్పుడు ఉన్నది. తప్పు చేయడానికి భయపడేవాడు కొత్త గీత గీయలేడు. ఆ భయాన్ని పోగొట్టే సాధనం పెరట్లో రాలిన ఎండుకొమ్మలో ఉంది. దానిని బూడిద కాకుండా కాపాడుకొనే ఓర్పు మాత్రం మనిషి నేర్చుకోవాలి.

అభ్యాసం

కఠిన పదాలు – అర్థాలు

అంగారం : కట్టెబొగ్గు
వర్తిక : చిత్రానికి తొలి రేఖలు గీసే వత్తి వంటి సాధనం
విచ్ఛేదనం : విడగొట్టడం
చంచలం : నిలకడ లేనిది
వైచిత్రి : విచిత్రమైన స్థితి
క్షీణదశ : తగ్గిపోయిన స్థితి

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చిత్రలేఖనానికి ఉపయోగించే బొగ్గు పుల్లల తయారీ విధానాన్ని దశలవారీగా వివరించండి.
2. శ్రీకాళహస్తి కలంకారీలో చింతబొగ్గుకు ఉన్న స్థానాన్ని తెలియజేయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. కట్టె కొన్ని సందర్భాలలో బూడిదగా, కొన్ని సందర్భాలలో బొగ్గుగా మారడానికి కారణమేమిటి?
2. చెన్నీని వివరించిన పద్ధతికి, పాఠంలోని డబ్బా పద్ధతికి గల పోలికలు రాయండి.
3. చల్లార్పును కఠినమైన ఘట్టమని ఎందుకు అన్నారు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మానసోల్లాసాన్ని రచించిన చక్రవర్తి ఎవరు?
2. డబ్బా మూతకు రంధ్రం ఎందుకు చేయాలి?
3. సరిగా కాలని పుల్లను ఎలా గుర్తించవచ్చు?